ఆస్ట్రేలియా ఫెర్న్ కొట్టేసి అమౌ పెట్టాలా?

హిలో వాన: హవాయిలో మా పెరట్లో 11 ఏళ్ళ నాటి ఆస్ట్రేలియా చెట్టు ఫెర్న్‌లు (పూలు పూయకుండా చెట్టులా మాను కట్టే మొక్కలు) మూడున్నాయి. వాటిని కొట్టేసి హవాయి సొంత ఫెర్న్ అమౌ పెట్టమని పక్కింటాయన అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

లావా దారి: కొట్టేయండి. అమౌ సాడ్లేరియా ప్రజాతి మొక్క. ఆ ప్రజాతి హవాయి దీవుల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. మీ ఫెర్న్ విత్తనాలకు బదులు వదిలే సిద్ధబీజాల పొడి గాలికి మైళ్ళ దూరం పోతుంది. హవాయిలోనే ఉన్న మౌయి దీవిలో కీపహులు లోయ అడవిలోకి కూడా ఈ ఫెర్న్ చొరబడింది.

పెరటి తోట: అమౌ పూర్వజాతి కూడా ఒకప్పుడు గాలికి కొట్టుకొచ్చిందేగా?

హిలో వాన: నర్సరీవాడు ఇది ఇక్కడి చెట్టేనని చెప్పి ఒక్కోటి 60 డాలర్లకు అంటగట్టాడు. పైగా అమౌ పొట్టిది, నీడేం ఇస్తుంది?

లావా దారి: బాగా పెరిగితే మాను ఛాతీ ఎత్తు వస్తుంది. కిలౌయా అగ్నిపర్వతం దగ్గర గట్టిపడ్డ లావా మీద చూడండి. గుప్పెడు మట్టి లేని రాతి పగులులో లేస్తుంది. లేత ఆకు మామిడి చిగురులా ఎర్రగా వచ్చి, ముదిరాక పచ్చబడుతుంది. హలేమౌమౌ అగ్నిబిలం పేరులో ఉన్నది ఈ ఫెర్నే. పంది రూపం ఎత్తే కమపువా దేవుడు ఈ మొక్కగా కూడా మారతాడని అక్కడివాళ్ళ కథ.

పెరటి తోట: ఛాతీ ఎత్తు నీడ కింద కుర్చీ వేసుకోగలమా? అది చెప్పండి.

గోదారి గట్టు: అడిగింది నీడ గురించి కాదు కదండీ.

లావా దారి: నీడ, నీడ! ఆ బయటి మొక్క అడవిని మింగేస్తుంటే మీకు కుర్చీ కావాలి!

హిలో వాన: బయటి మొక్క అన్నప్పుడల్లా నాకు గుచ్చుకుంటోంది. పక్కింటాయన కూడా అదే మాట. మేమూ బయటి నుంచి వచ్చినవాళ్ళమే. ఆ మాట నన్నే అన్నట్టుంటుంది. అందుకే గొడ్డలి పట్టుకోలేకపోతున్నా.

లావా దారి: మిమ్మల్ని అనలేదండీ. నేనూ తెనాలి నుంచి వచ్చినవాణ్ణే. శనివారాలు అడవిలో ఈ ఫెర్న్ పిలకలు పీకుతుంటాను. ఒక్క పెద్ద చెట్టు చుట్టూ లేతవి లెక్కలేనన్ని. మీ కంచె దాటాక వాటిని మీరు ఆపలేరు, నేనూ ఆపలేను. నా బాధంతా అదే.

హిలో వాన: ముందు ఒకటి కొట్టిస్తాను. మిగతా రెండింటి సంగతి ఇప్పుడే చెప్పలేను. అమౌ పిలక కిలౌయా దగ్గరి జాతీయ పార్కులోంచి తెచ్చుకోవచ్చా?

లావా దారి: వద్దు, పార్కులోంచి ఆకు కూడా తేకూడదు. స్థానిక మొక్కలు పెంచే నర్సరీలో అడగండి. ఎండ తగిలేచోట, నీళ్ళు నిలవని రాతి మట్టిలో పెట్టండి.