‘ఫ్లో’ని ‘ధార’ అనొచ్చా?

హైదరాబాద్ నుంచి:
అందరికీ నమస్తే. ర్యాప్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్న. ఒక వాక్యం దగ్గర రెండు రోజుల నుంచి ఆగిపోయిన. “వాడికి ధార ఉంది గానీ ఆర్ద్రత లేదు.” ఇదీ ఆ వాక్యం. ‘ఫ్లో’ అంటే ర్యాపర్ నోట మాటలు తాళం మీద ఆగకుండా పారే తీరు, దానికి ధార అని పెట్టుకున్న. మా దోస్తు చదివి, “ధార అంటే పంపు కింద బిందె గుర్తొస్తుంది రా, ఫ్లో అనే ఉంచు” అన్నడు. అసలు పంచాయితీ ఏందంటే, మా గ్యాంగులో అమెరికా ర్యాపర్లల్ల ఎమినెమ్ గొప్పా టూపాక్ గొప్పా అని మొదలైతే తెల్లారుతది. ఎమినెమ్ వాళ్ళు లెక్కలు తీస్తరు, టూపాక్ వాళ్ళు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటరు. ఈ రెండిటికీ తెలుగులో సరైన మాటలు ఏంటియో పెద్దలు చెప్పండి.

విజయవాడ నుంచి:
ఫ్లోని ఫ్లో అనే రాయండి. బస్సుని బస్సు అనట్లేదా?

తెనాలి నుంచి:
బస్సు సంగతి వేరండీ. ఆ బండి రాకముందు మనకు బస్సు లేదు. ర్యాప్ రాకముందు మనకు అవధానం ఉంది. పృచ్ఛకుడు సమస్య ఇచ్చీ ఇవ్వకముందే తడుముకోకుండా పద్యం వచ్చేస్తుంటే సభలో వెనక వరసవాళ్ళు కూడా “ఆహా, ధార!” అంటారు. చెప్పిన పద్యాలన్నీ చివర వరసగా అప్పజెప్పడం ధారణ. కాబట్టి నాయనా, మీరు పెట్టుకున్న మాట నూటికి నూరుపాళ్ళు చెల్లుతుంది. అప్పటికప్పుడు అల్లి చెప్పే ఫ్రీస్టైల్‌ని ఆశువు అనండి, అదీ చెల్లుతుంది.

మీ దోస్తుకి పంపు ఒక్కటే గుర్తొచ్చింది గానీ, ధారకి ఇంకో అర్థం కూడా ఉంది: కత్తి అంచు. ఖడ్గధార అంటాం కదా. ఒకే మాటలో నీళ్ళూ కత్తీ ఉన్నాయంటే ర్యాప్‌కి అంతకన్నా ఏం కావాలి? ఇక ఆర్ద్రం అంటే తడిసినది. జనం నోట్లో అదే ఆరుద్ర అయింది. ఆరుద్ర కార్తె, తొలకరికి చేలగట్ల మీద కనబడే ఎర్రటి ఆరుద్ర పురుగు, అన్నీ ఆ తడి చుట్టాలే. మీ వాక్యంలో ఉన్న రెండూ నీళ్ళ మాటలేనని గమనించారా? ఒకటి పారేది, ఒకటి ఇంకేది. ఇంకో తమాషా చెప్పి ఆపుతాను. అంత్యప్రాసలతో బంతులాడినట్టు ఆడుకున్న మన కవి కలంపేరు ఆరుద్ర! కూనలమ్మ పదాల్లో మూడు పాదాలకీ ఒకే అంత్యప్రాస వేసి నడిపించాడు. ధారా ఆర్ద్రతా పోట్లాడుకోవాల్సిందేనా అని ఆయన్ని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

డల్లాస్ నుంచి:
తమ్ముడూ, మా అబ్బాయి కారులో పెట్టేవి విని విని నాకూ ఈ పిచ్చి అంటుకుంది. ధారకి నా ఓటు కూడా వేసుకో. ‘ప్రాస’ దగ్గర మాత్రం జాగ్రత్త. ర్యాప్‌లో ‘రైమ్’ని ఉత్త ప్రాస అని రాస్తే మన గుంపులో గొడవైపోతుంది. పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. హల్లు అన్ని పాదాల్లోనూ ఒకటే ఉండాలి, అచ్చు మారినా ఫరవాలేదు. ర్యాపర్లది సరిగ్గా తలకిందుల వ్యవహారం. అచ్చులు కలిస్తే చాలు, హల్లులు ఎటు పోయినా పట్టించుకోరు. ‘ఆరెంజ్’కి ఇంగ్లీషులో రైమ్ లేదంటారు కదా, 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఎమినెమ్ దాన్ని ‘ఓరింజ్’ అని కాస్త సాగదీసి ‘ఫోర్ ఇంచ్’, ‘డోర్ హింజ్’ పక్కన కూర్చోబెట్టాడు. ఆ పద్ధతికి పునాది 1987లో రకీమ్ అనే ర్యాపర్ వేశాడు. అప్పటిదాకా ఎక్కువమంది పాదం చివర రైమ్ కొట్టి ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఇతను పాదం మధ్యలో కొట్టాడు, పాదం దాటించి కొట్టాడు. కుర్రప్పుడు సాక్సోఫోన్ వాయించేవాడు, అదంతా మాటల్లోకి వచ్చింది.

లెక్కలు కావాలంటే ఇదిగో. ‘ర్యాప్ గాడ్’, 2013, ఆరు నిమిషాల నాలుగు సెకన్లు, 1,560 మాటలు. ఎక్కువ మాటలున్న హిట్ పాటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

హైదరాబాద్ నుంచి:
అక్కా, మా ఎమినెమ్ గ్యాంగు రోజూ చదివే మంత్రం ఆ 1,560. నేను టూపాక్ వైపు. ‘డియర్ మామా’ తీసుకోండి, 1995. లెక్కపెట్టనీకి అందులో ఏముంది? రైమ్‌లు బడి పిల్లలు కూడా కట్టేటివే. అయినా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010లో దాన్ని భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. వాళ్ళమ్మ అఫేనీ షకూర్ నల్లవాళ్ళ హక్కుల కోసం కొట్లాడిన బ్లాక్ పాంథర్ పార్టీ మనిషి. కడుపుతో ఉండి జైల్లో ఉంది, 1971 మేలో నిర్దోషిగా బయటపడ్డది, జూన్ 16న ఈయన పుట్టిండు. పాటలో అమ్మకున్న మత్తు అలవాటును దాచడు, అదే నోటితో నువ్వు రాణివి అంటడు. అది వింటే నాకు మా అమ్మ గుర్తొస్తది. మా అమ్మకు టీ తప్ప ఏ అలవాటూ లేదు, అయినా గుర్తొస్తది. నైపుణ్యం ఎక్కువుంటే తడి ఆరిపోతదని నేను అనేది ఇందుకే.

తెనాలి నుంచి:
అక్కడే పప్పులో కాలేశారు నాయనా. ఆ పాట నేనూ ఇప్పుడే విన్నాను, ఇంగ్లీషు సగమే అర్థమైంది. దాన్ని పక్కనపెట్టి మనకు తెలిసిన పద్యం ఒకటి చూద్దాం. గజేంద్రుడు మొసలి నోట చిక్కి ఓపిక ఉడిగిన దశలో పోతన రాసిన కందం:

కలఁడందురు దీనుల యెడఁ
గలఁడందురు పరమయోగి గణముల పాలం
గలఁడందు రన్ని దిశలను
గలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో

చదువు రానివాళ్ళకీ నోటికొచ్చే పద్యం. గుండె పట్టేసే పద్యం. ఇందులో లెక్కపెట్టడానికేమీ లేదా? ప్రాస ‘ల’, నాలుగు పాదాల్లోనూ ఉంది. ‘కలఁడు’ అనే మాట ఆరుసార్లు వచ్చింది. మొదటి మూడుసార్లూ ‘అందురు’ తోకతో వచ్చింది, అంటే ఉన్నాడని జనం అంటారట, ఏనుగు అనట్లేదు. ఇప్పుడు నాలుగో పాదాన్ని గణాలు విడగొట్టి చూడండి: గలఁడుక, లండనె, డివాఁడు, గలఁడో, లేఁడో. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, కందం నాలుగో పాదంలో ఎక్కడ? నాలుగో గణం మొదటి అక్షరం మీద. అక్కడ ఏ మాట కూర్చుంది? ‘గలఁడో’. అప్పటిదాకా ‘కలఁడు’గా వచ్చిన మాటకు మొదటిసారి ‘ఓ’ తగిలింది, అదీ సరిగ్గా యతి స్థానంలో. అనుమానం పుట్టిన చోటా ఛందస్సు బరువు పడ్డ చోటా ఒకటే. తరవాత మిగిలింది రెండే అక్షరాలు, లేఁడో. ఏ నైపుణ్యమూ లేకుండా వచ్చిన తడి అంటారా దీన్ని? యతి ఎక్కడుందో వినేవాడికి తెలియక్కర్లేదు. రాసినవాడి చెయ్యి తెలుసుకుంది.

డల్లాస్ నుంచి:
మాస్టారూ, ఇన్నేళ్ళ నుంచీ చదువుతున్నా, ఆ యతి ఎప్పుడూ చూడలేదు! నా దగ్గరా అలాంటిదే ఒకటి ఉంది, అది మళ్ళీ ఎమినెమ్‌దే. 2000లో వచ్చిన ‘స్టాన్’. ఒక వీరాభిమాని రాసే ఉత్తరాలు. మూడో చరణంలో కారు తోలుతూ టేపు రికార్డర్‌లోకి అరుస్తాడు. నాలుగోది ఎమినెమ్ తాపీగా రాసే జవాబు. మొన్న వార్తల్లో ఎవడి గురించో చూశానని చెప్పుకుంటూ పోయి, చివర్లో ఆ ‘ఎవడో’ ఎవరో తనకే తడుతుంది. రైమ్ అయిపోయాక విడిగా ఒక్క మాట పడుతుంది: ‘డ్యామ్’. అది దేనితోనూ కలవదు. అంత రైమ్ కట్టగలిగినవాడు అక్కడ కట్టకుండా వదిలేశాడు. మాటల లెక్క రికార్డు ఈ పాటది కాదు, కానీ వీరాభిమానికి ‘స్టాన్’ అనే మాట ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది ఈ పాట వల్లే.

తమ్ముడూ, మీ టూపాక్‌కీ లెక్క ఉంది, మనం తీయలేదంతే. తన గొంతునే రెండు మూడుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. అచ్చులు ఎక్కడ లాగాలో, ఎక్కడ తుంచాలో చూడు. గిన్నిస్ వాళ్ళకి దానికి గడి లేదు.

హైదరాబాద్ నుంచి:
అంటే ధార, ఆర్ద్రత రెండు మాటలూ సరైనవే, నా వాక్యంలో తప్పు ‘గానీ’ దగ్గర ఉందంటరా?

తెనాలి నుంచి:
చాలాసార్లు అక్కడే. ఎప్పుడూ అనను. తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడనే అలంకారికుడు, మాటల చమత్కారమే ప్రధానమైన చిత్రకవిత్వాన్ని కావ్యం కాదు, కావ్యానికి అనుకరణ అన్నాడు. బంధకవిత్వంలో అక్షరాలు పాములాగా చక్రంలాగా అమర్చి పెడతారే, వాటిని చూసి అబ్బురపడతాం, కళ్ళు తుడుచుకోం. మీ ‘ర్యాప్ గాడ్’ ఆ జాతిది అనుకుంటాను. దాని ముందు ఆర్ద్రత లేదని ముక్కు చీదడం దండగ, అడిగింది అది కాదు. ఆ పాట గురించి రాసేటప్పుడు ‘గానీ’ ఉంచుకోండి. మనిషి గురించి రాసేటప్పుడు తీసేయండి, ‘స్టాన్’ రాసిందీ ఆ మనిషే కదా.

డల్లాస్ నుంచి:
ముక్కు చీదడం విషయంలో మాస్టారితో ఒప్పుకోను. పొద్దున్నే ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు ‘ర్యాప్ గాడ్’ వింటే నాకూ ఒక సంతోషం వస్తుంది, గారడీవాడు ఏడో బంతి ఎగరేసినప్పటి సంతోషం. అదీ మనసు పనే. ఏడిస్తేనే మనసు తడిసినట్టా?

తెనాలి నుంచి:
అద్భుతం కూడా రసమే. ఓడిపోయాను తల్లీ.

విజయవాడ నుంచి:
ఇంతకీ ఫ్లో అనే రాస్తున్నారా?

హైదరాబాద్ నుంచి:
ధార అనే రాస్తున్న అన్నా. బిందె గుర్తొస్తే రానీ.