అమెరికా మెరైన్లు: రైఫిల్ కంపెనీకి వేరే శాఖ నుంచి ఫస్ట్ సార్జెంటా?

గోదారిగట్టు:
మెరైన్ కోర్‌లో గన్నరీ సార్జెంట్ (ఈ-7) దాకా అందరిదీ ఒకే దారి. ఈ-8 దగ్గర రెండుగా చీలుతుంది. ఒకవైపు మాస్టర్ సార్జెంట్, ఆపైన మాస్టర్ గన్నరీ సార్జెంట్. ఇంకోవైపు ఫస్ట్ సార్జెంట్, ఆపైన సార్జెంట్ మేజర్. జీతం స్కేలు రెండువైపులా ఒకటే, తేడా పనిలోనే. మాస్టర్ సార్జెంట్ తన ఎంఓఎస్‌లోనే (ఎవరి పని ఏమిటో చెప్పే నాలుగంకెల కోడ్) కొనసాగుతాడు. ఫస్ట్ సార్జెంట్ అయినవాడికి పాత కోడ్ పోయి 8999 వస్తుంది, ఇక ఏ యూనిట్‌కైనా పంపొచ్చు. అంటే పదిహేనేళ్లు సప్లైలో స్టాకు లెక్కలు చూసినవాడు రేపు రైఫిల్ కంపెనీ కెప్టెన్‌కు సలహాదారు! నాకిది మింగుడుపడదు. కనీసం ఇన్‌ఫాంట్రీ (పదాతిదళం)లోనైనా 03తో మొదలయ్యే కోడ్ వాళ్లకే ఆ కుర్చీ ఇవ్వాలి.

క్వాంటికో_కబుర్లు:
ముందు ఆ కుర్చీలో ఏం పనుంటుందో చూడండి. రేంజ్, తూటాలు, నీళ్లు, తిండి ఇవన్నీ కంపెనీ గన్నీ (గన్నరీ సార్జెంట్) నెత్తిన ఉంటాయి. ఫస్ట్ సార్జెంట్‌వి మనుషుల పనులు. పొద్దున్నే హాజరు తేల్చాలి. సెలవులు, పళ్ల పరీక్ష గడువు దాటినవాళ్లు, జీతం సరిగ్గా పడని లాన్స్ కార్పొరల్, బ్యారక్స్‌లో కొట్లాట, అవార్డుల కాగితాలు అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి.

వీటన్నిట్లో చిక్కు ఎన్‌జేపీ, అంటే కోర్టు మార్షల్ దాకా పోకుండా కమాండర్ వేసే శిక్ష. అనుమానితుణ్ని ప్రశ్నించే ముందే ఏ నేరం మీద అనుమానమో చెప్పి, సైనిక చట్టంలోని ఆర్టికల్ 31 హక్కులు (నోరు విప్పకుండా ఉండొచ్చు లాంటివి) వినిపించాలి. ఏ సార్జెంటో ఆవేశంలో అది చేయకుండానే వాంగ్మూలం రాయించుకుంటే, కోర్టులో అది నిలవడం కష్టం. ఒడ్డు మీదున్నవాడు ఎన్‌జేపీ వద్దు, కోర్టు మార్షలే కావాలనొచ్చు. ఓడలో ఉన్నవాడికి ఆ వీలు లేదు. కెప్టెన్ వేయగలిగేది 7 రోజుల జీతం కోత, 14 రోజుల రిస్ట్రిక్షన్ (చెప్పిన హద్దులు దాటకుండా ఉండడం), 14 రోజుల అదనపు డ్యూటీ. కేసు అంతకన్నా పెద్దదైతే బెటాలియన్‌కు పంపాలి. అక్కడి కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ అయితే రెండు నెలల పాటు సగం జీతం కోయొచ్చు, 60 రోజుల రిస్ట్రిక్షన్, 45 రోజుల అదనపు డ్యూటీ వేయొచ్చు. ఇవేవీ తెలియని 03 కన్నా తెలిసిన సప్లై మనిషి నయం.

సికింద్రాబాద్_పరేడ్:
మన సైన్యంలో ఈ తంటా లేదు. మద్రాస్ రెజిమెంట్‌లో కంపెనీ హవల్దార్ మేజర్ అంటే సిపాయిగా అక్కడే చేరి పైకొచ్చినవాడు. ఏ జవానుకు ఇంట్లో ఏం గొడవో, ఎవరికి ఎవరితో పడదో ఆయనకు నోటికొచ్చు.

క్వాంటికో_కబుర్లు:
పోలిక కుదరదండీ. మెరైన్‌కు రెజిమెంట్ జీవితాంతం ఉండే సొంతిల్లు కాదు, కొన్నేళ్లకోసారి బదిలీ తప్పదు. పైగా జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య మనకుండే జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అనే అంతస్తే అక్కడ లేదు. 03 వాడైనా కొత్త కంపెనీలో మొదటిరోజు కొత్తవాడే.

గోదారిగట్టు:
కాగితాల సంగతి సరే, యుద్ధంలో? గాయపడ్డవాళ్ల లెక్క తేల్చి పైకి పంపే బాధ్యత ఫస్ట్ సార్జెంట్‌దే. రేడియోలో పేర్లు చెప్పరు. ఇంటిపేరు మొదటి అక్షరం, గుర్తింపు నంబరులో చివరి నాలుగంకెలు కలిపి ఒక్కొక్కరికి ఒక కోడ్ ముందే రోస్టర్‌లో (పేర్ల జాబితా) ఉంటుంది, దాన్నే పంపుతారు. బయల్దేరే రాత్రి మెషిన్ గన్ స్క్వాడ్‌ను ఒక ప్లటూన్ నుంచి తీసి ఇంకో ప్లటూన్‌కు జతచేశారనుకోండి, బయటి నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారనుకోండి, రోస్టర్ అప్పటికప్పుడు మారాలి. లేకపోతే కోడ్ వస్తుంది, అది ఎవరిదో తేలదు. మెషిన్ గన్‌ల లాంటివి ఉండే వెపన్స్ ప్లటూన్‌ను ముక్కలు చేసి ఎలా పంచుతారో లోపల పెరిగినవాడికి అడగకుండానే తెలుసు.

సెవెన్‌టన్_షెడ్డు:
మీరంతా ఒకవైపే చూస్తున్నారు. 8999కి పోయినవాడు వదిలేసిన షెడ్డు సంగతేంటి? మోటార్ ట్రాన్స్‌పోర్ట్‌లో 3529 (బండ్ల మరమ్మతు చూసే కోడ్) మాస్టర్ సార్జెంట్‌ను తీసుకోండి. జీసీఎస్‌ఎస్‌లో (పార్టులు, మరమ్మతుల లెక్కలుండే కంప్యూటర్ వ్యవస్థ) ఒక ఎంటీవీఆర్ లారీ డెడ్‌లైన్, అంటే వాడకానికి పనికిరాదు అని కనిపిస్తే, నిజంగా పార్టు రాలేదా, పార్టు బిగించేసి సర్వీస్ రిక్వెస్ట్ (మరమ్మతు నమోదు) మూయడం మరిచారా, లేక పక్క బండి బాగుచేయడానికి దీన్నుంచి పార్టు పీకారా అని ఆయన బండి చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, పట్టేస్తాడు. ఆయన్ని 'టాప్' అంటారు. (ఫస్ట్ సార్జెంట్‌ను మాత్రం పూర్తి హోదాతోనే పిలవాలి. సినిమాలు చూసి 'సార్జ్' అన్నారో, అయిపోయారు!) గన్నీగా ఉన్నప్పుడే ఫిట్‌నెస్ రిపోర్ట్‌లో (పనితీరు నివేదిక) ఏ దారి కావాలో రాయాలి. అమెరికా ఆర్మీలో మాస్టర్ సార్జెంట్ కొన్నాళ్లు ఫస్ట్ సార్జెంట్‌గా చేసి మళ్లీ వెనక్కి రావచ్చు. మెరైన్లలో అలాంటి రాకపోకలు మామూలుగా ఉండవు. నన్నడిగితే ముందు సరిచేయాల్సింది ఇదే.

గోదారిగట్టు:
రాకపోకలు పెడితే నాకూ అభ్యంతరం లేదు. ఇన్‌ఫాంట్రీ గన్నీ రెండేళ్లు ఫస్ట్ సార్జెంట్‌గా చేసి తన పాత ఇన్‌ఫాంట్రీ కోడ్ 0369కి తిరిగొస్తాడు, కంపెనీకి 03 మనిషీ దొరుకుతాడు.

క్వాంటికో_కబుర్లు:
రెండేళ్లలో వెళ్లిపోతానని తెలిసినవాడు ఎన్‌జేపీ ప్యాకెట్లు ఎంత శ్రద్ధగా చూస్తాడో నాకు అనుమానమే. రోస్టర్ మాట కూడా చెప్తా. బయటి నుంచి జతచేసిన మనుషులు రాగానే ఆ పేర్లు కంపెనీకి చేర్చాల్సింది ప్లటూన్ సార్జెంట్. చేర్చకపోతే తప్పు అతనిది. అతను 03 వాడేగా?