ఫుట్టీ గ్రాండ్ ఫైనల్ ఎప్పుడూ మెల్‌బోర్న్‌లోనే ఎందుకు ఆడాలి?

సిడ్నీ_హంస:

ఆస్ట్రేలియా ఫుట్టీ లీగు ఏఎఫ్ఎల్‌లో కప్పు ఎవరిదో తేల్చే 2025 గ్రాండ్ ఫైనల్ కూడా అయిపోయింది. బ్రిస్బేన్ 122, జీలాంగ్ 75. మా సిడ్నీ స్వాన్స్ ఈసారి టాప్ 8లోకే రాలేదు కాబట్టి సెప్టెంబరంతా బీపీ మాత్రతో పని లేకుండా గడిచింది. ఇలా ప్రశాంతంగా ఉన్నప్పుడే అడగాలని అడుగుతున్నా.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫుట్టీ అంటే కోడిగుడ్డు ఆకారం బంతితో, పెద్ద క్రికెట్ గ్రౌండులో, జట్టుకు 18 మంది ఆడే ఆట. మధ్య స్తంభాల నడుమ తంతే ఆరు పాయింట్లు, పక్కకు పడితే ఒకటి. 2025 దాకా ఆఖర్న పైన ఉన్న 8 జట్లకు నాలుగు వారాల ఫైనల్స్. ఆ వారాల్లో సొంత ఊళ్లో ఆడే హక్కును ఒక్కో జట్టూ ఏడాదంతా కష్టపడి సంపాదించుకుంటుంది. తీరా చివరి శనివారం వచ్చేసరికి అన్నీ మూటగట్టుకుని మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండుకు (ఎంసీజీ) పోవాలి. అక్కడే ఆడాలన్న ఒప్పందం 2059 వరకు ఉంది. అప్పటికి మా చిన్నాడి వయసు ఇప్పటి నా వయసును దాటేస్తుంది.

2014లో పట్టికలో మాదే మొదటి స్థానం, ఎంసీజీలో మెల్‌బోర్న్ జట్టు హాథార్న్ 63 పాయింట్ల తేడాతో కొట్టింది. 2016లోనూ మేమే ఫస్ట్, వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో 22 తేడాతో పోయాం. 2022లో జీలాంగ్ చేతిలో 81. ఆ రోజు నేను స్టేడియంలోనే ఉన్నా. మూడో క్వార్టర్ అయ్యేసరికి పక్క సీట్లో జీలాంగ్ పెద్దాయన నా మొహం చూసి జాలిపడి, వేడివేడి మీట్ పై కొని చేతిలో పెట్టాడు. నేను బీఫ్ తిననని చెప్పడానికి నోరు రాలేదు. సైరన్ మోగేదాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నా. చల్లారిపోయి, మీద టమాటా సాస్ గట్టిపడిపోయింది. ఓటమి కంటే ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

నేననేది ఒకటే. పట్టికలో పైనున్న జట్టు ఊళ్లో గ్రాండ్ ఫైనల్ పెట్టాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

టార్నీట్_బావ:

నేను చెప్తా. నేను 2016లో మిమ్మల్ని ఓడించిన బుల్‌డాగ్స్ మనిషిని.

మేము ఆ ఏడు ఏడో స్థానం నుంచి వచ్చాం. మొదటి వారం పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ని ఓడించాం. తర్వాత హాథార్న్‌ని. ఆ తర్వాత మీ సిడ్నీకే వచ్చి అక్కడి ఇంకో జట్టు జీడబ్ల్యూఎస్‌ని 6 పాయింట్లతో దాటాం. ఇందులో మాకు సొంత గ్రౌండ్ ఎక్కడుంది? అసలు ఎంసీజీ మా ఇల్లే కాదు, మేము ఆడేది డాక్‌లాండ్స్ స్టేడియంలో. 1954 తర్వాత 62 ఏళ్లకు కప్పు వచ్చింది. దాన్ని గ్రౌండ్ పుణ్యం అంటే మా పక్కింటి ముసలమ్మ కర్ర తీసుకుని వస్తుంది. ఆవిడ 1954 మ్యాచ్ చూసిన మనిషి.

రెండోది లెక్క. ఎంసీజీలో లక్ష మంది పడతారు. మీ సిడ్నీ క్రికెట్ గ్రౌండు ఎస్‌సీజీలో 48 వేలు. మిగతా 52 వేల మందిని ఎక్కడ కూర్చోబెడతావ్ అన్నా, ఆపెరా హౌస్ మెట్ల మీదా?

ఇంకొకటి. మీ స్వాన్స్ పుట్టిందే ఇక్కడ, సౌత్ మెల్‌బోర్న్‌లో. 1982లో సామాను సర్దుకుని సిడ్నీ వెళ్లారు. ఎంసీజీకి రావడమంటే పుట్టింటికి రావడమే కదా!

సిడ్నీ_హంస:

పుట్టింట్లో ఎవరైనా 81 పాయింట్లతో కొడతారా?

పెర్త్_పడమర:

బావగారు ఏ ఏడాది గురించి చెప్పాలో బాగా ఎంచుకున్నారు. నేను 2015 చెప్తా.

అప్పుడు వెస్ట్ కోస్ట్ రెండో స్థానం, హాథార్న్ మూడు. ఫైనల్స్ మొదటి వారం పెర్త్‌లో, సుబియాకోలో, వాళ్లను 32 తేడాతో ఓడించాం. మూడు వారాల తర్వాత ఎంసీజీలో అదే రెండు జట్లు ఆడితే 46 తేడాతో ఓడిపోయాం. నడుమ మారిందేంటి? గ్రౌండ్. క్రికెట్‌లో పిచ్ ఎలాగో, ఇక్కడ కొలత అలాగ. సుబియాకో పొడవు, సన్నం. మా డిఫెన్స్ ఆ సన్నంలో వల పన్నినట్టు నిలబడేది. ఎంసీజీ అడ్డంగా బాగా వెడల్పు. వలకి చిల్లులు పడ్డాయి, హాథార్న్ వాళ్లు ఆ చిల్లుల్లోంచి నడుచుకుంటూ పోయారు.

ఇక ఖర్చు. ఇక్కణ్నుంచి మెల్‌బోర్న్ దాదాపు 2,700 కిలోమీటర్లు. గుంటూరు నుంచి ఢిల్లీ పోయినా అంత దూరం రాదు. ప్రిలిమినరీ (సెమీఫైనల్ లాంటిది) గెలిచిన రాత్రి ఫోన్‌లో టికెట్ ధర చూస్తుండగానే రెండింతలవుతుంది. మెల్‌బోర్న్ వాళ్లు రిచ్‌మండ్ స్టేషన్లో దిగి నడుచుకుంటూ లోపలికి పోతారు.

2018లో గెలిచాం కదా అంటారేమో. గెలిచాం, కాలింగ్‌వుడ్ మీద 5 పాయింట్లతో. ఇంకో రెండు నిమిషాలు కూడా లేవు, మా డామ్ షీడ్ బౌండరీ గీతను ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా గోల్ స్తంభాలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నట్టు కనిపించే కోణం. లక్షమందిలో ముప్పాతిక మంది అరుస్తున్నారు. తన్నాడు. మధ్యలోంచే పోయింది. నా జీవితంలో అంత నిశ్శబ్దం వినలేదు. ఆ రోజు గెలిచాక కూడా నా మాట ఇదే: ఇది సమానమైన పోటీ కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు:

అన్నలూ, నేను హైదరాబాద్ నుంచి. ఈ ఆట యూట్యూబ్‌లో చూసి అలవాటయింది, తప్పుంటే క్షమించండి. 2016 ఐపీఎల్ ఫైనల్ బెంగళూరు చిన్నస్వామిలోనే జరిగింది. మన సన్‌రైజర్స్ వాళ్ల ఇంట్లోనే వాళ్లను 8 పరుగులతో ఓడించారు కదా. ఇక 2023 నవంబర్ 19, అహ్మదాబాద్... వద్దులెండి, ఆ పుండు ఇంకా మానలేదు. పైగా గెలిచింది మీ ఆస్ట్రేలియా వాళ్లే. సొంత గ్రౌండ్ అంత గొప్పదా అని నా డౌట్.

టార్నీట్_బావ:

శభాష్ తమ్ముడూ. నీకు ఎంసీజీలో చిప్స్ నా లెక్క.

అడిలైడ్_అక్క:

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు మీరందరూ. సమాధానం ఆడవాళ్ల లీగులో ఎప్పటినుంచో ఉంది. ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో పైనున్న జట్టుకే గ్రాండ్ ఫైనల్ ఇస్తారు. 2019లో మా అడిలైడ్ ఓవల్‌లో కార్ల్‌టన్‌తో ఆడితే 53,034 మంది వచ్చారు. నేనూ మా అమ్మాయీ వెళ్లాం, దానికప్పుడు ఏడేళ్లు. సీట్లు చాలక పైవరసలు తెరుస్తూనే ఉన్నారు. మగవాళ్ల ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం లక్ష కుర్చీలు లేకపోతే ఆకాశం విరిగిపడుతుందా?

2017లో మా అడిలైడ్ క్రోస్ మొదటి స్థానం. రిచ్‌మండ్ మూడు. ఆ మూడోవాళ్లు ఫైనల్స్‌లో మూడు మ్యాచ్‌లూ ఎంసీజీ గడప దాటకుండా ఆడారు. మేము 48తో ఓడిపోయాం. బాగా ఆడలేదు, ఒప్పుకుంటా. కానీ అవే మూడు మ్యాచ్‌లు అడిలైడ్‌లో ఆడి చూడమనండి.

బ్రిస్బేన్_సింహం:

నేను నిద్ర లేచేసరికి ఇంత జరిగిందా. సారీ, రెండేళ్ల నుంచి పండగ మూడ్‌లో ఉన్నాం.

మేము కప్పు గెలిచింది 2001, 2002, 2003, 2024, 2025. ఐదూ ఎంసీజీలోనే. మా గబ్బాలో చరిత్ర మొత్తానికి ఒక్కసారి గ్రాండ్ ఫైనల్ జరిగింది, 2020లో, కోవిడ్ వల్ల. అందులో మేము లేము! వారం ముందు ప్రిలిమినరీలో అదే గబ్బాలో జీలాంగ్ మమ్మల్ని ఇంటికి పంపింది. మా ఇంటికే అనుకోండి, నడిచే పోయాం.

పెర్త్ అన్నకి ఒక మాట. ఈ సెప్టెంబర్ మొదటి వారం ఎంసీజీలో జీలాంగ్ మమ్మల్ని 38 తేడాతో కొట్టింది. మూడు వారాలకు అదే గ్రౌండులో, అదే జీలాంగ్‌ని మేము 47తో కొట్టాం. గ్రౌండ్ అంగుళం కూడా మారలేదు. మరి 2015లో మీ 32, 46ల మధ్య తేడాకి గ్రౌండే కారణమని ఎలా చెప్పగలరు? 2001 నుంచి 2006 వరకు ఆరేళ్లు వరసగా కప్పు మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం దాటే పోయింది, అందులో 2006 మీదే.

అయినా సరే, నేను సిడ్నీ అన్న పక్షమే. ఎందుకో చెప్తా. 2004లో మేము రెండో స్థానంలో ఉండి సొంత ఊళ్లో ప్రిలిమినరీ ఆడే హక్కు సంపాదించాం. కానీ అప్పటి ఒప్పందం ప్రకారం ఎంసీజీలో ఓ మ్యాచ్ జరిగి తీరాలి. మా ‘హోమ్’ ప్రిలిమినరీని తీసుకెళ్లి మెల్‌బోర్న్‌లో, విక్టోరియా జట్టయిన జీలాంగ్‌తో ఆడించారు. 9 పాయింట్లతో ఎలాగో బయటపడ్డాం. మరుసటి వారం పోర్ట్ అడిలైడ్ 40 తేడాతో కొట్టింది, వరసగా నాలుగో కప్పు చేజారింది. అందుకే ఓడామనను. కానీ మా ఇంటి పెళ్లిని పక్కూరి కల్యాణ మండపంలో ఎందుకు చేశారని ఇప్పటికీ అడుగుతా.

సిడ్నీ_హంస:

2024లో మీరు మమ్మల్ని 60తో కొట్టినప్పుడు రెండు జట్లూ విమానం ఎక్కే వచ్చాయి. గ్రౌండ్ పేరు చెప్పి ఏడవడానికి కూడా నాకు వీల్లేకుండా చేశారు మీరు. సరే, ‘గ్రౌండ్ వల్లే ఓడాం’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కొంచెం.

అసలు నన్ను కాల్చేది ఇంకొకటి అని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. సీట్లు. బావ లక్ష సీట్లన్నాడు. అందులో ఆడే రెండు క్లబ్బుల సభ్యులకు కలిపి సగం కూడా రావు. మెల్‌బోర్న్ క్రికెట్ క్లబ్ సభ్యులకు పెద్ద భాగం పోతుంది. ఆ సభ్యత్వానికి బిడ్డ పుట్టగానే పేరు రాయిస్తారు, వాడికి పెళ్లయ్యాక కూడా వరసలోనే ఉండొచ్చు. వాళ్లలో ఎంతమందికి ఆ రోజు ఆడే జట్టుతో సంబంధం? 48 వేల సీట్ల ఎస్‌సీజీలో పెట్టినా, లోపలికి వచ్చే స్వాన్స్ మనుషులు ఇప్పటికంటే తగ్గరు.

టార్నీట్_బావ:

ఈ సీట్ల మాట నన్ను తగిలింది, దాచను.

2021లో గ్రాండ్ ఫైనల్ పెర్త్‌లో పెట్టారు. మా బుల్‌డాగ్స్, మెల్‌బోర్న్ డీమన్స్. రెండూ ఈ ఊరి జట్లే. ఊరంతా లాక్‌డౌన్. డీమన్స్ 1964 తర్వాత 57 ఏళ్లకు గెలిచారు, మమ్మల్ని 74 తేడాతో ఉతికి. మా పక్కింటి ముసలమ్మ తన ఇంట్లో, మేము మా ఇంట్లో, నడుమ కంచె. మూడో క్వార్టర్లో మేము 19 ఆధిక్యంలో ఉన్నప్పుడు కంచె మీంచి ఒక అరుపు వినిపించింది. తర్వాత ఇంకేం వినిపించలేదు. టీవీలో చూస్తే పెర్త్ వాళ్లు మా కండువాలు కొనుక్కుని మెడలో వేసుకుని చప్పట్లు కొడుతున్నారు. మన ఆట, మన జట్టు, మనం లేము. చాలా వింతగా అనిపించింది.

పెర్త్_పడమర:

బావగారూ, ఆ కండువా కొన్నవాళ్లలో నేనొకణ్ని. బుల్‌డాగ్స్‌దే కొన్నా. మీకు ఒక్కసారి అనిపించినదాన్ని మేము లీగులో చేరిన 1987 నుంచి మోస్తున్నాం.

అడిలైడ్_అక్క:

బావగారు ఒప్పుకున్నట్టేనా మరి?

టార్నీట్_బావ:

ఒప్పుకోలేదక్కా. గ్రాండ్ ఫైనల్ ఎంసీజీలోనే ఉండాలి. ముందు రోజు శుక్రవారం సెలవు, పరేడ్, మా పిల్లలు మొహాలకు రంగులేసుకుని రైలెక్కడం, ఇవి లేకపోతే సెప్టెంబర్ అంటే ఏముంది నాకు? కానీ సీట్ల లెక్క మార్చాలి. ఆడే క్లబ్బులకు చెరో 30 వేలైనా ఇవ్వాలి, క్రికెట్ క్లబ్ సభ్యులు అలిగితే అలిగారు. 2059 దాకా ఆగకుండా రేపే చేయగలిగిన పని అదొక్కటే.

సిడ్నీ అన్నా, మళ్లీ స్వాన్స్ వస్తే హోటల్ వెతకొద్దు, మా ఇంట్లో దిగు. ఎంసీజీలోకి ఇంటి తిండి రానిస్తారు, మీ చెల్లెలు పులిహోర కట్టిస్తుంది. పెర్త్ అన్నా, మీకూ పడక ఉంది.

పెర్త్_పడమర:

పడక సరే. టికెట్?