లైసెన్సు ఉన్న పిస్తోలును జాతరకు తీసుకుపోవచ్చా?

ప్రశ్న (తిరుచానూరు నుంచి):
మా మామయ్యగారికి ఆత్మరక్షణ కోసం ఇచ్చిన పిస్తోలు లైసెన్సు ఉంది. ఆయన బెంగళూరు నుంచి తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరకు, ఆ తరువాత చంద్రగిరిలో మా చెల్లెలి పెళ్లికి వస్తున్నారు. చొక్కా కింద నడుముకు కట్టుకుంటే ఎవరికీ కనిపించదు కనుక ఇబ్బంది ఉండదని ఆయన ధీమా. నాకు మాత్రం భయంగా ఉంది. నియమం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (చిత్తూరులో న్యాయవాది):
అమ్మా, మీ భయం సరైనదే. 2016 ఆయుధ నియమాలలోని 32వ నియమం ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్తోలును ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లో (పిస్తోలు తొడుగులో) పూర్తిగా కప్పి, తన అదుపులోనే ఉంచుకోవాలి; అంటే కనిపించకుండా పెట్టుకోవడం తప్పు కాదు, చట్టం కోరేదే అది. చిక్కంతా వెళ్లే చోటుతోనే. లైసెన్సు షరతులను మామయ్యగారిచేత ఒకసారి చదివించండి: లైసెన్సు ఇచ్చిన అధికారి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆయుధాన్ని సంతలకు, మతపరమైన ఊరేగింపులకు, ఇతర జనసమూహాలకు, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకుపోరాదని అందులో స్పష్టంగా ఉంటుంది. వేషాలు కట్టిన భక్తులు, చంకలో బిడ్డలున్న తల్లులు ఒకరినొకరు తోసుకుంటూ కదిలే గంగమ్మ జాతర ఆ మాటల కిందికి రాదని ఏ వకీలూ వాదించలేడు. షరతు మీరితే 1959 ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 2,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 17వ సెక్షన్ కింద లైసెన్సే రద్దు కావచ్చు. ఆ లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌లో చెల్లుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి పెళ్లి మండపం ప్రైవేటు స్థలమే కదా?

సమాధానం (అదే న్యాయవాది):
పిలిచినవారే వచ్చే పెళ్లి జనసమూహం కిందికి వస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం; అయినా తీసుకురావద్దనే నా సలహా. సంబరంలో ఎవరైనా ప్రోద్బలం చేస్తే ఆయన గాలిలోకి ఒక్క గుండు పేల్చినా, ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగితే చాలు, గాయం కాకపోయినా 2019 సవరణతో వచ్చిన 25(9) సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి.

సమాధానం (తిరుపతి నుంచి):
పెళ్లయ్యాక వెంకన్న దర్శనానికి వెళ్లే ఆలోచన ఉంటే ఇది కూడా గమనించండి: కొండపైకి ఆయుధాలను అనుమతించరు, అలిపిరిలో వాహనాన్నీ సామానునూ తనిఖీ చేస్తారు. కాబట్టి ఆయన బయలుదేరే ముందే పిస్తోలును బెంగళూరులోనే భద్రపరచి రావడం మేలు. నిజంగా ప్రాణభయం ఉంటే ఆ సంగతి ఇక్కడి పోలీసులకు ముందుగానే రాతపూర్వకంగా తెలిపి, రక్షణ కోరవచ్చు.