మొటిమల జెల్ మొదలుపెట్టాక మొటిమలు పెరిగాయి, ఆపేయాలా?

ప్రశ్న:
నమస్కారం. గడ్డం మీద, చెంపల మీద మొటిమలకు డాక్టరు గారు 0.1 శాతం అడాపలీన్ జెల్ రాశారు. రోజూ రాత్రి మొటిమ కనిపించిన చోటల్లా దట్టంగా పెడుతున్నాను. ఇంకా నెల కాలేదు. ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, మాయిశ్చరైజర్ రాసినా చురుక్కుమంటోంది. పైగా ఎప్పుడూ లేనిది నుదుటి మీద కూడా చిన్న మొటిమలు వచ్చాయి. ఈ మందు నాకు పడలేదనుకోవాలా? మా అక్క ముడతలకు ట్రెటినాయిన్ వాడుతోంది, రెండూ ఒకే జాతి మందులంటోంది. మొటిమలకూ ముడతలకూ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

మొదటి జవాబు:
ఆపకండి. నాకూ మొదట్లో చెంపలు ఎర్రగా కందిపోయాయి. రోజు విడిచి రోజు రాసుకోమన్నారు, క్రమంగా సర్దుకుంది.

రెండో జవాబు:
నేను ఫార్మసిస్టునండి. ఈ మందు తీసుకెళ్ళినవాళ్ళు చాలామంది సరిగ్గా మీరున్న దశలోనే ట్యూబు పక్కన పడేస్తారు. అది విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఫలితం కనిపించేది ఆ తరవాతే.

మొటిమ పైకి తేలడానికి వారాల ముందే లోపల మొదలవుతుంది. రోమకూపం గోడల నుంచి రాలిపోవాల్సిన కణాలు ఒకదానికొకటి అతుక్కుని, నూనెతో కలిసి దారి మూసేస్తాయి. అడాపలీన్, ట్రెటినాయిన్‌లాంటి విటమిన్ ఎ కుటుంబపు మందులు, అంటే రెటినాయిడ్లు, కణ కేంద్రకంలోని గ్రాహకాలను పట్టుకుని, ఏ జన్యువు ఎంత పనిచేయాలో మారుస్తాయి. దాంతో కణాలు అతుక్కోకుండా విడివిడిగా రాలతాయి, కొత్తగా దారి మూసుకుపోదు. అడాపలీన్ ఎరుపునూ వాపునూ కూడా తగ్గిస్తుంది. అయితే అప్పటికే లోపల తయారైనవి మొదటి వారాల్లో త్వరగా పైకి రావచ్చు. మీ నుదుటి మీదివి అవే అయివుండవచ్చు. దాదాపు 12 వారాలు వాడనిదే మందు పడిందో లేదో తేల్చలేం.

అందుకే కనిపించిన మొటిమ మీద చుక్క పెడితే లాభం లేదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి. ముఖం కడిగాక పూర్తిగా ఆరనివ్వండి. ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. వేలి కొసతో నుదుటి మీద, రెండు చెంపల మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి, అక్కడి నుంచి పామండి. ముక్కు మడతల్లో, పెదవుల మూలల్లో మందు చేరి నిలిచిపోతుంది. పొట్టు ముందు లేచేది అక్కడే కాబట్టి ముందుగానే కాస్త వాసెలిన్ అద్దండి. మంట తగ్గేదాకా రోజు విడిచి రోజు చాలు, మందుకు ముందు మాయిశ్చరైజర్ రాసుకున్నా ఫరవాలేదు. స్క్రబ్బుల జోలికి వెళ్ళకండి. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. ముఖం వాచినా, చర్మం చిట్లి రసి కారినా మాత్రం మందు ఆపి డాక్టరుకు చూపించండి.

మీ అక్కగారి మాట నిజమే. ట్రెటినాయిన్‌కు అమెరికాలో 1971లో అనుమతి వచ్చింది మొటిమల కోసమే. వాడినవాళ్ళ చర్మం నునుపు తేలడం గమనించాక ముడతల మీద పరిశోధనలు జరిగాయి. ఎండ వల్ల చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తినేసే ఎంజైములు పెరుగుతాయి. ట్రెటినాయిన్ వాటిని అదుపు చేసి, కొత్త కొల్లాజెన్ తయారయ్యేలా చేస్తుంది. దానికి నెలలు పడుతుంది. ఇదే కుటుంబంలోని టాజరోటీన్‌ను సోరియాసిస్‌కూ వాడతారు, అక్కడ కణాలు మితిమీరి పుట్టడాన్ని అది తగ్గిస్తుంది. ఒక తేడా గుర్తుంచుకోండి: ట్రెటినాయిన్ వెలుతురులో పాడవుతుంది కాబట్టి రాత్రే రాయాలి. అడాపలీన్ అంత సున్నితం కాదు, మొటిమలకే వాడే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపిన జెల్‌గా కూడా దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ధన్యవాదాలండి. ఈ రాత్రి నుంచి పలచగానే రాస్తాను. అక్క ఇప్పుడు బిడ్డ కోసం చూస్తోంది. చర్మం మీద రాసేదే కదా, కొనసాగించవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు:
వద్దండి, ఇప్పుడే ఆపమనండి. చర్మం ద్వారా రక్తంలోకి చేరేది చాలా తక్కువే. కానీ ఇదే కుటుంబానికి చెందిన ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తాయని రుజువైంది కాబట్టి, పైపూత మందులనూ ఆ సమయంలో మానేయమంటారు. టాజరోటీన్ అయితే గర్భిణులు అసలు వాడకూడదు. ఇంతవరకూ రాసుకున్నందుకు ఆమె బెంగపడనక్కర్లేదు. డాక్టరుతో విషయం చెబితే మరో మందు చూస్తారు. మీరు కూడా గర్భం గురించి ఆలోచిస్తున్నట్లయితే అడాపలీన్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.