‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అంటే తప్పులు పట్టమనా?

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తున్నాను. మొన్న ఇచ్చిన అసైన్‌మెంటులో ‘కాకతీయుల కాలపు చెరువులు వ్యవసాయ విస్తరణకు ఎంతవరకు తోడ్పడ్డాయో విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అని అడిగితే, మరునాడే ఒక అబ్బాయి వచ్చి, ‘‘కాకతీయుల చెరువులల్ల తప్పులేం పడతం సార్?’’ అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ప్రభుత్వంపై ప్రతిపక్షాల విమర్శలను రోజూ పేపర్లో చదివే పిల్లవాడికి ఆ మాట అలా వినిపించడంలో వింతేమీ లేదు.

సంస్కృతంలో ‘మృశ్’ ధాతువుకు తాకడం, తడిమి చూడటం అని అర్థం. దాని ముందు ‘వి’ చేరితే వచ్చిన విమర్శకు తరచి చూడటం, ఆలోచించి నిర్ణయించడం అన్నవే అసలు అర్థాలు. తప్పుపట్టడం తర్వాత వచ్చి చేరింది. పరామర్శలో ఉన్నదీ ఈ ధాతువే. పరామర్శకు వెళ్ళినవారు ఆ ఇంటి తప్పులు ఎంచడానికి వెళ్ళరు కదా!

ఇక వచ్చిన జవాబుల సంగతి. చాలామంది నాలుగేసి పేజీలు నింపారు. కాకతీయ రాజు గణపతిదేవుడు, రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు అన్నీ ఉన్నాయి. ఒకమ్మాయి 1213 నాటి రామప్ప గుడి శాసనాన్నీ, ఆ గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడినీ కూడా వదలలేదు. రాసిన దాంట్లో తప్పు లేదు, కానీ ‘ఎంతవరకు’ అన్నదానికి జవాబు లేదు. ఒక్కరు మాత్రం పేజీన్నరలోనే, చెరువు తవ్వించినవారికి దాని కింది భూమిలో వాటా దక్కే దశబంధం పద్ధతిని ప్రస్తావించి, సాగు పెరిగిన మాట నిజమే గానీ ఆ లాభం అందరికీ సమానంగా అందిందని చెప్పలేమని తేల్చారు. ఎక్కువ మార్కులు ఆ జవాబుకే వేశాను.

చాలామంది అడిగినదానికి జవాబు రాయకపోవడానికి మన వాక్యనిర్మాణం కూడా కొంత కారణమని నా అనుమానం. తెలుగు ప్రశ్నలో విషయం ముందు వస్తుంది, చేయవలసిన పని చిట్టచివర వస్తుంది. ‘కాకతీయుల చెరువులు’ అని కనబడగానే పిల్లల కలం కదులుతుంది. చివరనున్నది ‘వివరించండి’ అయినా ‘చర్చించండి’ అయినా ఒకే జవాబు వస్తుంది. అందుకే ప్రశ్నను ముందు తోక నుంచి చదవమని చెబుతున్నాను.

ఇది చదివిన మా గ్రూపు సభ్యురాలు ఒకరి స్పందన: సార్, పిల్లలనే అనడం న్యాయం కాదు. వివరించండి, చర్చించండి, విశ్లేషించండి అన్న మాటలను ప్రశ్నపత్రం తయారుచేసేవారే వంటలో కొత్తిమీర చల్లినట్టు చల్లుతున్నప్పుడు, వాటి మధ్య తేడా ఉందని విద్యార్థికి ఎలా తెలుస్తుంది?

నా జవాబు: ఒప్పుకుంటున్నాను మేడం. వరుసగా మూడు ప్రశ్నలు ‘వివరించండి’తో ముగిస్తే బాగుండదని, మూడోదాన్ని ‘విశ్లేషించండి’గా మార్చిన రోజులు నాకూ ఉన్నాయి. శ్లేష అంటే అతుక్కుని ఉండటం, విశ్లేషణ అంటే ఆ అతుకు విప్పడం. నేనిచ్చిన ఆ మూడో ప్రశ్నలో విప్పడానికి ఏ అతుకూ లేదు. ఈసారి ప్రశ్నను ఇలా మార్చాను: ‘కాకతీయుల చెరువుల వల్ల సాగు ఎవరికి పెరిగింది, ఎవరికి పెరగలేదు? ఆధారాలు చూపి, మీ నిర్ణయం రాయండి.’