రోగికి చేదు వార్త చెప్పడం జూనియర్లకు ఎలా నేర్పాలి?

నమస్కారం. నేను క్యాన్సర్ విభాగంలో డాక్టర్‌ని. రోగికి చేదు వార్త ఎలా చెప్పాలో జూనియర్ డాక్టర్లకు నేర్పే పని ఈమధ్యే నాకు అప్పగించారు. ఇలాంటి శిక్షణ ఇచ్చినవాళ్లు గానీ, తీసుకున్నవాళ్లు గానీ ఉంటే దయచేసి సాయం చేయండి.

చేదు వార్త చెప్పడానికి 2000లో బెయిల్, బక్‌మన్ తదితర వైద్యులు ప్రచురించిన స్పైక్స్ పద్ధతినే ఆధారంగా తీసుకున్నాను. అందులో ఆరు మెట్లు: ఏకాంతంగా కూర్చోబెట్టడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కోవడం, విషయం చెప్పడం, వాళ్ల బాధకు స్పందించడం, ఇకమీదట ఏం చేద్దామో మాట్లాడుకోవడం. మావాళ్లు ఇవన్నీ గడగడా అప్పజెబుతారు. చిక్కల్లా ఐదో మెట్టు దగ్గరే. అభ్యాసంలో రోగి పాత్ర వేసినవాళ్లు కంటతడి పెట్టగానే కంగారుపడి కీమో గురించో, స్కాన్ గురించో మాట్లాడేస్తారు. కాసేపు మౌనంగా ఉండటం వాళ్ల వల్ల కావడం లేదు. వాళ్లను తప్పుపట్టలేను. నా తొలి రోజుల్లో ఒకావిడకు వరండాలో నిలబడే చెప్పేశాను. ఆమె గోడ పట్టుకుని అలాగే నిలబడిపోవడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ మౌనాన్ని భరించడం ఎలా అలవాటు చేయాలి? రోగి పాత్రకు తోటి జూనియర్లు సరిపోతారా, శిక్షణ పొందిన నటులే కావాలా? అభ్యాసం మధ్యలో ఆపి సరిదిద్దాలా, పూర్తయ్యాక చెప్పాలా?

ఇంకొకటి. ఇలాంటి వార్త మీరే విన్నవారైతే, ఆరోజు డాక్టర్ అన్న ఏ మాట మీకు ఊరటనిచ్చిందో, ఏది గుచ్చుకుందో రాయగలరా? చెప్పడం కష్టమనిపిస్తే వద్దు.